ఆఫీసు పనికి సొంత ఫోను, రీచార్జ్ ఎవరు చేయించాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

రీచార్జ్ రేట్లు పెరిగినప్పుడల్లా పేపర్లో మొదటి పేజీలోనే వేస్తారు, ఏ ప్లాను ఎంతయిందో బాక్స్ కట్టి మరీ ఇస్తారు, బాగానే ఉంటుంది. కానీ ఆ రీచార్జ్‌లో ఎంత భాగం మన ఇంటి కోసం, ఎంత భాగం మనం పనిచేసే కంపెనీ కోసం అనే సంగతి మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది, ఏమనుకోకండి, వీలైతే కట్ చెయ్యకుండా వెయ్యండి.

నేను విశాఖలో పోర్టు పనుల మీద నడిచే ఒక చిన్న క్లియరింగ్ ఆఫీసులో (ఓడల్లో వచ్చే సరుకుకి కస్టమ్స్ పని చేయించే ఆఫీసు) అకౌంట్స్ చూస్తాను. వోచర్లు, పెట్టీ క్యాష్, జీఎస్టీ, జీతాలు అన్నీ నా టేబుల్ మీదకే వస్తాయి. మా ఆయన మందుల కంపెనీలో మెడికల్ రెప్. అంటే పగలంతా ఆఫీసు కుర్రాళ్ళ ఖర్చు కాగితాలు చూస్తాను, నెలాఖరు వస్తే ఇంట్లో ఆయన పంపే ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ పక్కన కూర్చుని చూస్తాను. రెండు చోట్లా ఒకటే వరస. పెట్రోలుకి డబ్బులొస్తాయి, బస్సు టికెట్టుకి వస్తాయి, జిరాక్సుకి వస్తాయి, పార్టీ వస్తే తెప్పించిన టీకి కూడా వస్తాయి, ఫోనుకి మాత్రం రావు, వచ్చినా సవాలక్ష ప్రశ్నలేసి సగం కోసేస్తారు.

అసలు ఫీల్డు కుర్రాడి పని ఎలా ఉంటుందో తెలియని వాళ్ళ కోసం చెప్తాను. పొద్దున్నే గాజువాక వైపు కంటైనర్ యార్డుకి వెళ్ళాలి, కంటైనర్ తలుపు తీసేముందు సీల్ నంబరు దగ్గరగా ఒక ఫోటో, తీశాక లోపల సరుకు ఫోటో, ఎక్కడైనా తడిసినా చిరిగినా వీడియో, లారీ నంబర్ ప్లేటు ఫోటో, డ్రైవర్ లైసెన్సు ఫోటో, కాటా స్లిప్పు ఫోటో, గేట్ పాస్ ఫోటో, ఇవన్నీ ఎప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో పడాలి, పడకపోతే రాయపూర్‌లో కూర్చున్న పార్టీ ఫోన్ చేసి మా ఓనరు గారిని తిడతాడు, ఆయన ఫోన్ చేసి కుర్రాడిని తిడతారు. ఈలోగా దారి తెలియని డ్రైవరు కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆగిపోయి పదిసార్లు ఫోన్ చేస్తాడు, వాడికి లొకేషన్ పెట్టాలి. కాటా డబ్బులు, హమాలీల డబ్బులు తన ఫోన్‌పే నుంచే కట్టాలి, తర్వాత వోచర్ రాసుకుని నా దగ్గరకొచ్చి తీసుకోవాలి. అంటే కెమెరా వాడిదే, మ్యాపు వాడిదే, డబ్బు పెట్టె వాడిదే, ఆఫీసు మొత్తం వాడి జేబులో ఉంది. ఆ కుర్రాడి జీతం పదిహేను వేలు దాటదు.

మన ఊళ్ళో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఉద్యోగ ప్రకటనలు చూడండి, కలెక్షన్ బాయ్ అయినా, సేల్స్ అయినా, డెలివరీ అయినా, "టూ వీలర్, డ్రైవింగ్ లైసెన్స్, ఆండ్రాయిడ్ ఫోన్ తప్పనిసరి" అని ఉంటుంది. బండికి పెట్రోలు ఎంతిస్తారో అడిగితే చెప్తారు, కిలోమీటరుకి ఇంత అనో, నెలకి ఇంత అనో. ఫోనుకి ఎంతిస్తారు అని ఇంటర్వ్యూలో అడిగిన వాళ్ళని నేను చూడలేదు, అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయం. పెట్రోలు ట్యాంకులో తగ్గడం కంటికి కనిపిస్తుంది, ఇండికేటర్ చూపిస్తుంది, డేటా తగ్గడం ఎవరికీ కనిపించదు, బ్యాటరీ అరిగిపోవడం అసలు కనిపించదు, అందుకే ఇది ఖర్చే కాదు అన్నట్టు నడిచిపోతోంది.

ఇప్పుడు క్లెయిమ్ సంగతికి వస్తాను, నా బాధ అంతా ఇక్కడే ఉంది. మా లాంటి ఆఫీసుల్లో ఫోను ఖర్చు రూలు ల్యాండ్‌లైన్ రోజుల్లో పుట్టింది. అప్పట్లో ఎస్టీడీ కాల్ చేస్తే రిజిస్టర్లో రాసేవాళ్ళు. తర్వాత పోస్ట్‌పెయిడ్ సెల్‌ఫోన్లు వచ్చాయి, నెల నెలా ఇంటికి బిల్లు వచ్చేది, అందులో ప్రతి కాల్‌కి నంబరు, టైము, రూపాయలు పైసలతో సహా ఉండేవి, ఆఫీసు కాల్స్‌కి పెన్సిల్‌తో టిక్కు పెట్టి కూడి ఇస్తే డబ్బులిచ్చేవాళ్ళు. అది సరైన పద్ధతే, ఆ రోజులకి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక కాల్‌కి ఇంత అనే లెక్కే పోయింది, జనం చాలామంది ప్రీపెయిడ్ అన్‌లిమిటెడ్ ప్లాన్లలోనే ఉన్నారు, కాల్‌కి ఎంతయిందో చూపించే బిల్లే లేదు. కానీ వోచర్ ఫారం మాత్రం మారలేదు. "బిల్లు జత చేయాలి, ఆఫీసు కాల్స్ గుర్తు పెట్టాలి" అని ఇప్పటికీ చాలా కంపెనీల్లో రాసే ఉంటుంది. లేని బిల్లు ఎక్కడ నుంచి తెస్తాడండీ కుర్రాడు? తేలేడు, కాబట్టి క్లెయిమ్ పాస్ అవ్వదు, రెండు మూడు నెలలు తిరిగి అడగడం మానేస్తాడు. కంపెనీ "మేము ఇవ్వం" అని ఎప్పుడూ అనలేదు, కాగితం మీద పాలసీ ఉంది, కానీ ఒక్క రూపాయి బయటకి రాలేదు. సూటిగా ఇవ్వం అనేస్తే కనీసం జీతం అడిగేటప్పుడు అది కలుపుకుని అడుగుతారు కదా, ఇది అంతకంటే అన్యాయం అని నా అభిప్రాయం.

ఇంకో మాట అందరూ అంటారు, "అన్‌లిమిటెడ్ ప్లానే కదా, ఆఫీసు కాల్స్ చేసినా చెయ్యకపోయినా నువ్వు కట్టేది అంతే కదా, నీకు ఎక్స్‌ట్రా ఏమయింది?" వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ ఇదే వాదన ఒక కోర్టులో ఓడిపోయింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉద్యోగి పని కోసం పెట్టిన ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని లేబర్ కోడ్‌లో 2802 అనే సెక్షన్ ఉంది. ఆహార పదార్థాలు ఇళ్ళకి చేరవేసే ఒక కంపెనీ ఉద్యోగులు తమ సొంత సెల్‌ఫోన్లు పనికి వాడామని కేసు వేస్తే 2014లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చి చెప్పింది: పనికి సొంత ఫోను తప్పనిసరి అయినప్పుడు బిల్లులో సబబైన ఒక భాగం యజమాని ఇవ్వాల్సిందే, ప్లాను అన్‌లిమిటెడ్ అయినా సరే, ఆ బిల్లు ఇంట్లో వేరే వాళ్ళు కట్టినా సరే. ఎందుకంటే లేకపోతే కంపెనీ తన వ్యాపారం ఖర్చుని ఉద్యోగి మీదకి తోసేసి ఊరికే లాభపడుతుంది అని. అదనంగా ఎంత ఖర్చయింది అన్నది అసలు ప్రశ్నే కాదు, ఆ ఖర్చు ఎవరిది అన్నదే ప్రశ్న. ఆఫీసు మీటరు నెలకి కనీస ఛార్జీ ఎలాగూ కట్టాలి కదా అని చెప్పి ఆ కరెంటు బిల్లు గుమాస్తా చేత కట్టిస్తామా?

ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇంకొంచెం ముందుకెళ్ళారు. 2019 జనవరి 1 నుంచి అక్కడ చట్టంలో పెట్టారు, పని కోసం పెట్టిన ఖర్చు ఉద్యోగి ముప్పై రోజుల్లోగా అడగాలి, యజమాని ఇవ్వాలి, బిల్లు లేకపోతే లేక పోగొట్టుకుంటే ఉద్యోగి సంతకం పెట్టి రాసిచ్చిన కాగితం చాలు అని. నాకు ఈ చివరి ముక్కే చాలా నచ్చింది. అకౌంటెంటుగా చెప్తున్నా, సంతకం పెట్టిన డిక్లరేషన్ మీద మేము ఎన్నో ఖర్చులు పాస్ చేస్తాం, హమాలీలు జీఎస్టీ బిల్లు ఇస్తారా? ఇవ్వరు. వోచర్ మీద సంతకం తీసుకుని ఇస్తాం. మరి ఫోను దగ్గరకొచ్చేసరికి ఎక్కడ లేని రూల్సు ఎందుకు గుర్తొస్తాయో నాకు అర్థం కాదు.

ఇప్పుడు లెక్క. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే 239 ప్లాను 299 అయింది, అది 28 రోజులకి. 28 రోజులంటే ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు చేయించాలి. అంటే 3,887 రూపాయలు. మా లాంటి ఆఫీసుల్లో క్లెయిమ్ ఫారం నెలకి ఒకటి, ఏడాదికి పన్నెండే, ఒకవేళ పూర్తిగా పాస్ చేసినా పదమూడో రీచార్జ్ ఎవరి ఖాతాలోకీ రాదు, అది కుర్రాడి జేబులోంచే పోతుంది. ముప్పై రోజుల ప్లాను కూడా ఒక్కటైనా ఉండి తీరాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆర్డరు ఇచ్చింది, కానీ షాపులో అడిగితే ముందు 28 రోజులదే చెప్తారు, మనమూ అదే చేయించుకుంటాం. ఆ 299లో 18 శాతం జీఎస్టీ ఉంది, విడదీస్తే దాదాపు 46 రూపాయలు పన్నే. అదే కనెక్షన్ కంపెనీ పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరుతో తీసుకుంటే ఆ పన్ను కంపెనీకి ఇన్‌పుట్ క్రెడిట్ కింద (తను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే మొత్తంగా) వెనక్కి వస్తుంది. కుర్రాడు కడితే ఆ 46 ఎవరికీ తిరిగి రాదు. కంపెనీ కడితే ఖర్చు తక్కువ, ఉద్యోగి కడితే ఎక్కువ, అయినా ఉద్యోగి చేతే కట్టిస్తున్నాం. మిగతా మొత్తం కూడా కంపెనీకి వ్యాపార ఖర్చు కింద లాభంలోంచి తగ్గుతుంది. ఓనర్లకి ఇది లెక్కేసి చూపిస్తే కొందరు నిజంగా ఆశ్చర్యపోతారు, చెప్పేవాళ్ళు లేక కూడా ఇలా జరుగుతోంది.

మా ఆయన సంగతి వేరు. రెప్‌ల ఎక్స్‌పెన్స్‌లో హెడ్‌క్వార్టర్స్‌కి (ఉండే ఊరు) ఒక రేటు, ఎక్స్ స్టేషన్‌కి (వెళ్ళి అదే రోజు తిరిగొచ్చే ఊరు) ఒక రేటు, అవుట్ స్టేషన్‌కి (రాత్రి ఉండాల్సిన ఊరు) ఒక రేటు ఉంటాయి, ఫోను ఖర్చు వాటిలోనే కలిసిపోయింది అంటారు. ఎప్పుడు కలిసిందో ఎవరికీ తెలీదు. డాక్టరు గారిని కలిసిన ప్రతిసారీ యాప్‌లో కొట్టాలి, జీపీఎస్ ఆన్‌లో ఉండాలి, మందు గురించి స్లైడ్లు కూడా ఫోన్లోనే చూపించాలి, కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ దగ్గర గంటలు గంటలు నిలబడి ఉన్నప్పుడు కూడా లొకేషన్ తిరుగుతూనే ఉంటుంది, మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయి పవర్ బ్యాంకు పట్టుకు తిరుగుతారు. పాడేరు, చింతపల్లి వైపు టూరు పడితే సిగ్నల్ కోసం రెండో సిమ్ము వేరే నెట్‌వర్క్‌ది పెట్టుకోవాలి, ఒక చోట ఒకటి పనిచేస్తే ఇంకో చోట ఇంకోటి. రెండు సిమ్ములకి రెండు రీచార్జ్‌లు. రిపోర్టు ఆ రోజే వెళ్ళకపోతే ఆ రోజు అలవెన్సు కట్, సిగ్నల్ లేదు సార్ అంటే కొండ దిగి వచ్చాక అయినా పంపాలి కదా అంటారు. మందుల రెప్‌ల కోసం 1976లోనే సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం తెచ్చిన దేశం మనది, అప్పుడు ఊహించలేదు, బ్యాగులో మోసే శాంపిళ్ళ కంటే జేబులో ఉన్న ఫోనే పెద్ద బరువు అవుతుందని.

ప్రైవేటులోనే ఇలా అనుకోకండి. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లకి ముఖం చూపించే అటెండెన్సు యాప్ పెట్టారు, సొంత ఫోన్లలో వేసుకోమన్నారు. అప్పుడు టీచర్ల సంఘాలు గట్టిగా అడిగింది ఇదే, యాప్ మీదయితే ఫోను, డేటా కూడా మీరే ఇవ్వండి అని. చాలామంది అప్పుడు టీచర్లని తిట్టారు, టైముకి రావడం ఇష్టం లేక సాకులు చెప్తున్నారని. సాకులు చెప్పేవాళ్ళు కొందరు ఉండొచ్చు, కానీ అడిగిన మాట న్యాయమైనది. ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి అన్ని పనుల దగ్గరా రోజుకి రెండుసార్లు కూలీల ఫోటోలు యాప్‌లో పెట్టాలన్నారు, ఆ ఫోటోలు తీసే మేట్లు కూడా కూలీల్లాంటి వాళ్ళే, తమ ఫోనుతో, తమ డేటాతో తీశారు, ఏజెన్సీ కొండ ఊళ్ళలో సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే కూలీ పోయేది మాత్రం పనిచేసిన వాళ్ళకి. అంగన్‌వాడీల్లో 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ నడుస్తోంది, ప్రభుత్వం ఫోన్లు ఇచ్చింది నిజమే, కానీ అవి పాతబడిపోయాయి, 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అయ్యేసరికి పాత ఫోన్లలో యాప్ కదలక సొంత ఫోన్లలో చేసుకోవాల్సి వచ్చిందని టీచరమ్మలు చెప్పుకుని బాధపడ్డారు. ఒకసారి ఫోను చేతిలో పెట్టేస్తే అయిపోయినట్టు కాదు, ఫోనుకి ఆయుష్షు మూడు నాలుగేళ్ళు, యాప్‌కి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. ఫోనులు ఇచ్చే వాళ్ళు ఆ తర్వాత మార్చే ఖర్చు కూడా మొదట్లోనే రాసుకోవాలి.

డెలివరీ కుర్రాళ్ళ గురించి ఒక్క మాట. సిరిపురం, ద్వారకానగర్ హోటళ్ళ ముందు బండి మీద కూర్చుని ఫోన్‌కేసే చూస్తూ ఉంటారు, ఆ ఫోను ఆగిపోతే ఆ రోజు సంపాదన ఆగిపోతుంది. కొత్త లేబర్ కోడ్స్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, అందులో వీళ్ళ కోసం యాప్ కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం సోషల్ సెక్యూరిటీకి కట్టాలని ఉంది, మంచిదే, కానీ అది రేపటి భద్రత కోసం. ఇవాళ్టి రీచార్జ్ మాట వేరే.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మా లాంటి ఆఫీసుల్లో డాక్యుమెంటేషన్ పనికి ఆడపిల్లలే ఎక్కువ. పార్టీలకి, లారీ ఆఫీసులకి, డ్రైవర్లకి వాళ్ళ సొంత నంబరే వెళ్తుంది, ఈమెయిల్ కింద సంతకంలో కూడా అదే నంబరు. ఆ నంబరుకే బ్యాంకు ఓటీపీలు, అదే ఆధార్‌కి లింకు, అదే ఇంట్లో వాళ్ళ దగ్గర. రాత్రి పదకొండింటికి తెలియని వాళ్ళు ఫోన్ చేసి "మేడమ్ గేట్ పాస్" అంటారు, అది పని కాబట్టి సరే, గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపేవాళ్ళు, వాట్సాప్ డీపీ చూసి మాట్లాడేవాళ్ళు, బ్లాక్ చేస్తే ఆఫీసుకి ఫోన్ చేసి "మీ స్టాఫ్ ఫోన్ ఎత్తట్లేదు" అని కంప్లయింట్ పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఉద్యోగం మానేసిన తర్వాత కూడా ఆ కాల్స్ ఆగవు. పెళ్ళయ్యాక ఒకమ్మాయి ఈ గొడవ భరించలేక చిన్నప్పటి నుంచి ఉన్న నంబరే మార్చేసుకుంది, బ్యాంకులో, గ్యాసులో, ఆధార్‌లో అన్నిచోట్లా మార్పించుకోవడానికి ఎంత తిరిగిందో. కంపెనీ పేరు మీద ఒక సిమ్ము తీసి చేతికిస్తే ఈ గొడవే ఉండదు, సాయంత్రం ఆఫీసు దాటగానే ఆ సిమ్ము ఆఫ్ చేసుకోవచ్చు, మానేసిన రోజు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోవచ్చు, తర్వాత వచ్చిన వాళ్ళకి అదే నంబరు వెళ్తుంది, పార్టీలకీ ఇబ్బంది ఉండదు. ప్రభుత్వ డిపార్ట్‌మెంట్లలో, రైల్వేలో సీయూజీ సిమ్ములు (సంస్థ తన ఉద్యోగుల గ్రూపుకి ఇచ్చేవి) ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ఇప్పుడు వచ్చే ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ముల చోటు ఉండనే ఉంది.

రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పిల్లల బాధ ఇంకో రకం. సొంత ఫోన్లో కంపెనీ మెయిలు, లాగిన్ అవ్వడానికి ఓటీపీ యాపు, మీటింగు యాపు వేసుకోమంటారు, కొన్ని చోట్ల ఫోను పోతే కంపెనీ వాళ్ళు దూరం నుంచే డేటా చెరిపేసే పర్మిషన్ కూడా ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఆఫీసు యాప్‌లని విడిగా పెట్టే ఏర్పాటు ఉంది, అది పెడితే కంపెనీ చెరిపినా ఆఫీసు భాగమే పోతుంది, ఇంటి ఫోటోల జోలికి రాదు. పర్మిషన్ ఇచ్చేముందు ఏది పెడుతున్నారో అడగండి, అంతే, దీని గురించి ఇంతకంటే చెప్పడానికి నాకు ఐటీ తెలియదు.

ఇక మన చట్టం ఏమంటుందో చెప్తాను, ఎందుకంటే "ఇండియాలో అలాంటివి లేవమ్మా" అనే మాట చాలాసార్లు విన్నాను. సూటిగా ఫోను బిల్లు ఇవ్వాలి అని రాసిన సెక్షన్ కాలిఫోర్నియాలో ఉన్నట్టు మనకి లేదు, అది ఒప్పుకోవాలి. కానీ 1936 నాటి పేమెంట్ ఆఫ్ వేజెస్ యాక్టులోనే, జీతం అంటే ఏంటో చెప్పే చోట, ఉద్యోగం స్వభావం వల్ల ఉద్యోగి మీద పడే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే డబ్బు జీతంలోకి రాదు అని ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2019 వేజెస్ కోడ్‌లో కూడా అదే మాట ఉంది. అంటే పని వల్ల వచ్చే ఖర్చు వేరు, జీతం వేరు అని చట్టం ఎప్పుడో విడదీసింది. జీతంలోంచే పెట్టుకో అని చెప్పడం ఆ లెక్క ప్రకారం తప్పు కాదా? ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు చూసినా, ఉద్యోగి తరఫున ఫోను మీద, మొబైల్‌తో సహా, యజమాని నిజంగా పెట్టిన ఖర్చుని ఉద్యోగి ఆదాయంలో కలపకూడదని 1962 రూల్సులో రూల్ 3 కింద రాశారు. పన్నులు వేసేవాళ్ళే ఇది ఉద్యోగి సుఖం కోసం ఇచ్చింది కాదు అని ఒప్పుకుంటే మనకి ఒప్పుకోవడానికి ఏమైంది.

ఇక్కడ ఆడిటర్లు ఒక అడ్డు చెప్తారు. బిల్లు లేకుండా నెలకి ఇంత అని ఇచ్చేస్తే అది రీఇంబర్స్‌మెంట్ (పెట్టిన ఖర్చు తిరిగివ్వడం) కాదు, అలవెన్సు (జీతంతో పాటు ఇచ్చే స్థిరమైన మొత్తం) అయిపోతుంది, ట్యాక్స్ పడుతుంది, అందుకే బిల్లు అడుగుతున్నాం, ఉద్యోగి మంచికే అని. కాగితం ప్రకారం కరెక్టే. కానీ ఎవరి విషయంలో? 2025-26 నుంచి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల ఆదాయం వరకు రిబేటుతో పన్నే లేదు, జీతం వాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 దానికి అదనం. నెలకి పదిహేను వేలు, ఇరవై వేలు తెచ్చుకునే కుర్రాడికి నెలకి మూడు వందలు ఇస్తే ఏ పన్ను పడుతుందండీ? పై స్థాయిలో లక్షలు తీసుకునే మేనేజర్లకి వర్తించే భయాన్ని చూపించి కింద వాళ్ళ డబ్బు ఆపేస్తున్నారు. ఆ మేనేజర్లకి మాత్రం చాలాచోట్ల కంపెనీ పోస్ట్‌పెయిడ్ ఉంటుంది, ఫోను కూడా కంపెనీదే. ఫీల్డులో ఎండలో తిరిగే వాడికి ఎక్కువ వాడకం, వాడికే సొంత ఖర్చు.

ఓనర్ల వైపు కూడా నేను చూశాను కాబట్టి చెప్తున్నా, వాళ్ళ అనుమానాలు అన్నీ తప్పు కావు. ఇంటిల్లిపాదికీ రీచార్జ్ చేయించి అందరివీ తెచ్చి పెట్టేవాళ్ళు ఉంటారు, పిల్లలు యూట్యూబ్ చూసిన డేటాకి మేమెందుకివ్వాలి అంటారు, అదీ నిజమే. అందుకే నేను అనేది, బిల్లులు చూసి, కాల్స్ లెక్కపెట్టి, వాడు ఎవరితో ఎంతసేపు మాట్లాడాడో తవ్వే పద్ధతే వద్దు. అది ఉద్యోగికి అవమానం, నాలాంటి వాళ్ళకి టైము దండగ, మూడు వందల రూపాయల క్లెయిమ్ మీద ముగ్గురి సంతకాలకి అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఒక ప్లాను ధర తీసుకోండి, అందులో పూర్తిగానో సగమో మాట్లాడుకుని నెలకి ఇంత అని స్థిరంగా పెట్టండి, పదమూడు రీచార్జ్‌ల లెక్కన పన్నెండు నెలలకి పంచండి, 299 ప్లానుకి అయితే నెలకి 324 అవుతుంది. రేటు పెరిగినప్పుడు ఇదీ పెంచండి. పని మీద ఉండగా ఫోను పగిలితే, యార్డులో లారీ మీంచి పడితే, రిపేరులో కంపెనీ వాటా ఎంతో ముందే రాయండి, అది పగిలాక మాట్లాడుకుంటే గొడవే. తన ఫోన్‌పే నుంచి కాటాకో హమాలీకో కట్టిన డబ్బు మాత్రం నెలాఖరు దాకా ఆపకండి, వారం తిరక్కుండా ఇచ్చెయ్యండి, ముందే కొంత అడ్వాన్సు వాళ్ళ దగ్గర ఉంచితే ఇంకా మంచిది. జీతం రాకముందు ఆఫీసు ఖర్చుకి తన డబ్బు పెట్టి, ఇంట్లో పాలవాడికి అప్పు చెప్పే కుర్రాళ్ళని చూస్తున్నాను నేను, మనసుకి కష్టంగా ఉంటుంది.

కొత్త లేబర్ కోడ్స్ ప్రకారం ఉద్యోగంలో పెట్టుకునే ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. చిన్న ఆఫీసులన్నీ ఇప్పుడు ఆ లెటర్లు తయారు చేయించుకుంటున్నాయి, మా దగ్గర కూడా ఆ పని నడుస్తోంది. ఇదే సమయం. ఆ లెటర్లో జీతం, పీఎఫ్, సెలవులతో పాటు ఫోను గురించి రెండు లైన్లు వేయించమని ఓనర్లని, వాళ్ళకి లెటర్లు రాసిచ్చే కన్సల్టెంట్లని అడుగుతున్నాను. మన జిల్లా లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఒక నమూనా ఇస్తే చాలామంది అదే కాపీ చేసుకుంటారు, ఎవరితోనూ కొట్లాడక్కర్లేదు. పోర్టు చుట్టూ ఉన్న క్లియరింగ్, ట్రాన్స్‌పోర్ట్ సంఘాల పెద్దలు ఒకసారి కూర్చుని అందరూ ఒకే మొత్తం అనుకుంటే, ఇచ్చేవాడు నష్టపోయి ఇవ్వనివాడు బాగుపడే పరిస్థితి కూడా ఉండదు. మా ఓనరు గారికి ఈ లెక్క మొత్తం కాగితం మీద రాసి ఇచ్చాను, చూస్తానమ్మా అన్నారు, ఇంకా ఏమీ చెప్పలేదు.

ఉద్యోగం చేసేవాళ్ళకి ఒకటి చెప్పి ఆపేస్తాను. రీచార్జ్ చేయించిన యాప్‌లో పాత రీచార్జ్‌ల హిస్టరీ ఉంటుంది, తేదీ, మొత్తం, నంబరు అన్నీ కనిపిస్తాయి, స్క్రీన్‌షాట్ తీసి నెల నెలా అకౌంట్స్‌కి మెయిల్ పెట్టండి, నోటితో అడగొద్దు. "ఈ నంబరు ఫలానా తేదీ నుంచి ఆఫీసు పనికి వాడుతున్నాను, మీరు చెప్పిన యాప్‌లు ఇవి" అని ఒకసారి రాసి పెట్టుకోండి. ఇవ్వకపోయినా పంపడం మానకండి, జీతం పెంచే మాట వచ్చినప్పుడు ఆ మెయిళ్ళన్నీ ఒకచోట చూపించొచ్చు.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
మర్రిపాలెం, విశాఖపట్నం.